రేకుకన్నా ముందు రాశిని చూడండి

పంట నిల్వకు షెడ్డు వేయాలనుకున్న రైతు మొదట కనుక్కునేది రేకు ధర. మందం ఎంత, రంగు ఏది, గ్యారంటీ ఎన్నేళ్లు, చదరపు మీటరుకు ఎంత పడుతుంది అని నాలుగు చోట్ల విచారిస్తాడు. వాన కారకూడదు, గాలికి లేవకూడదు, తుప్పు పట్టకూడదు. ఈ మూడూ కుదిరితే కప్పు సంగతి తేలిపోయిందనుకుంటాడు. న్యూజిలాండ్‌లో పొలం షెడ్ల మీద ఎక్కువగా కనిపించేది ఉక్కు రేకే కాబట్టి అక్కడ ఈ ఆలోచన మరీ బలంగా పాతుకుపోయింది. అక్కడికి వలస వెళ్లి పుకెకోహె ఉల్లిపొలాల్లోనో, కాంటర్‌బరీ గోధుమ భూముల్లోనో సొంత సేద్యం మొదలుపెట్టాలనుకునే తెలుగువారికి కూడా మొదట ఎదురయ్యేది రేకుల కంపెనీ ఇచ్చిన కొటేషనే. ఈ అధ్యాయంలో నేను చెప్పేది ఒక్కటే: ఆ కాగితాన్ని కాసేపు పక్కన పెట్టండి. పంట గోదాము కప్పును నిర్ణయించాల్సింది పైనున్న ఆకాశంకన్నా ముందు కిందున్న రాశి. ఏ పంట, ఎంత తేమతో, ఎంత వేడితో, ఎన్ని నెలలు ఆ కప్పు కింద ఉండబోతోందన్న ప్రశ్నకు జవాబు దొరికాకే రేకు, వాలు, కింద వేసే పొర, గాలి దారి అన్నీ తేలాలి.

ఎందుకింత పట్టుబడుతున్నానో ఒక చిన్న లెక్క చెబుతుంది. 14 శాతం తేమ ఉన్న గోధుమను నిల్వకు పనికొచ్చేంత పొడిగా ఉందనే అంటారు. చేతిలో పట్టుకుంటే గలగలలాడుతుంది, పంటి కింద పటుక్కుమంటుంది. అయినా ఆ గోధుమ ప్రతి టన్నులో 140 కిలోల నీరుంది. 200 టన్నుల రాశి పోస్తే మీ షెడ్డులోకి మీరే 28,000 లీటర్ల నీటిని తెచ్చి పెట్టుకున్నట్టు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. ఆ లెక్కన 400 చదరపు మీటర్ల కప్పు మీద 70 మిల్లీమీటర్ల కుండపోత కురిస్తే ఎంత నీరు పడుతుందో, అంత నీరు కప్పు కిందే గింజల్లో దాగి ఉంది. పైన పడే వాన చూరు మీదుగా జారిపోతుంది. లోపలి నీటికి అలాంటి దారేమీ లేదు, మనం ఏర్పాటు చేస్తే తప్ప. పైగా గింజ, దుంప, గడ్డ ఏదైనా నిల్వలో ప్రాణంతోనే ఉంటుంది. తనలోని చక్కెరను కరిగించుకుంటూ ఊపిరి పీలుస్తుంది. ఒక కిలో చక్కెర అలా ఖర్చయితే 600 గ్రాముల కొత్త నీరు పుడుతుంది, దానితోపాటు వేడి కూడా. తడి ఎక్కువగా ఉన్న రాశి వేగంగా ఊపిరి తీస్తుంది, ఆ ఊపిరితో ఇంకా వేడెక్కుతుంది, ఇంకా తడుస్తుంది.

ఇప్పుడు ఈ నీరు కప్పును ఎలా చేరుతుందో చూద్దాం. అన్నం గిన్నె మూత ఎత్తితే అడుగున వేలాడే చుక్కల్లాంటివే రేకు అడుగున కూడా పుడతాయి. తేడా ఏమిటంటే ఇక్కడ మూత చల్లబడేది ఆకాశం వల్ల. మబ్బు లేని రాత్రి పలచని ఉక్కు రేకు తన వేడిని నేరుగా ఆకాశంలోకి వదిలేస్తుంది. అందుకే చుట్టూ ఉన్న గాలికన్నా కూడా రేకు కొన్ని డిగ్రీలు చల్లబడుతుంది. ఆరుబయట నిలిపిన కారు పైభాగం తెల్లారేసరికి మంచుతో తడిసిపోవడానికి కారణం ఇదే. లోపల ఏం జరుగుతోంది? ఫిబ్రవరి ఎండలో కోసిన గోధుమ 25 డిగ్రీల వేడితో, 14 శాతం తేమతో రాశిలో ఉందనుకోండి. ఆ గింజల మధ్య గాలిలో తేమ సుమారు 70 శాతం దగ్గర నిలుస్తుంది. అలాంటి గాలి 19 డిగ్రీలకు చల్లబడితే చాలు, అందులోని ఆవిరి నీరుగా మారడం మొదలవుతుంది. కాంటర్‌బరీ మైదానంలో వేసవి రాత్రులు కూడా అంతకన్నా చల్లగా ఉంటాయి. కాబట్టి రాశి మీది గాలి బయటికి పోయే దారి లేకపోతే రేకు అడుగు చెమర్చి తీరుతుంది. ఆ చుక్కలు అన్నీ ఒకచోట పడవు. రేకు మడతల వెంట జారి పర్లిన్ (రేకును మోసే అడ్డ దూలం) తగిలిన చోట, మేకు మొన దగ్గర, వాలు మారిన చోట రాలుతాయి. అందుకే రాశి పైపొరలో వరసలు వరసలుగా మొలకలు, బూజు, గట్టిపడిన పెచ్చు కనిపిస్తాయి. చాలామంది ఆ వరసను చూసి కప్పుకు చిల్లు పడిందనుకుంటారు. పైకెక్కి మేకుల చుట్టూ సీలెంటు పూస్తారు. మళ్లీ చుక్కలు పడతాయి, ఎందుకంటే ఆ నీరు బయటినుంచి వచ్చినది కాదు.

అదే గోధుమను 12 శాతానికి ఆరబెట్టి పోస్తే కథ మారుతుంది. గింజల మధ్య గాలిలో తేమ సుమారు 55 శాతానికి దిగుతుంది, ఆవిరి నీరుగా మారాలంటే రేకు 15 డిగ్రీల దాకా చల్లబడాలి. దానికి తోడు రాత్రి చల్లగాలిని ఫ్యాను ద్వారా రాశిలోకి పంపి గింజను 15 డిగ్రీలకు దించితే అదే రేకు కింద చుక్క పుట్టే రాత్రులు బాగా తగ్గిపోతాయి. అంటే ఆరబెట్టే యంత్రానికి పెట్టే డీజిలు, ఫ్యానుకు కట్టే కరెంటు బిల్లు కూడా కప్పు ఖర్చులో భాగమే. ఆరిన, చల్లారిన గోధుమకు మామూలు రేకు సరిపోవచ్చు; తడిగా, వేడిగా పోసిన గోధుమను ఖరీదైన కప్పు కూడా కాపాడలేదు. నేను రాశి నుంచి మొదలుపెట్టమంటున్నది ఖర్చు పెంచడానికి కాదని ఇక్కడే గమనించండి. చాలా సందర్భాల్లో ఈ దారిలో కప్పు చవకవుతుంది.

ఈ ఆలోచన ఇంజనీర్ల కాలేజీల్లో పుట్టినదేమీ కాదు. న్యూజిలాండ్‌లో రేకు రాకముందే దీన్ని పూర్తిగా అర్థం చేసుకున్నవారు అక్కడి మూలవాసులైన మావోరీలు. వారి పూర్వీకులు పసిఫిక్ దీవుల నుంచి తమ వెంట కూమరాను, అంటే మన చిలగడదుంపను తెచ్చుకున్నారు. ఉష్ణమండలంలో ఆ తీగ ఏడాది పొడవునా పెరుగుతుంది, కావలసినప్పుడు తవ్వుకుంటే సరిపోతుంది. న్యూజిలాండ్ చలికాలంలో ఆ పని కుదరదు. నేలలో వదిలేసిన దుంప చలికి కుళ్లిపోతుంది, వచ్చే వసంతంలో నాటడానికి విత్తన దుంప కూడా మిగలదు. అందుకని వారు పంటను కాపాడే గోతులు తవ్వారు. ఆక్లాండ్ నగరంలోని మౌంగఫౌ, మౌంగకీకీ అగ్నిపర్వతాల వాలుల మీద ఆ గోతుల గుర్తులు నేటికీ పల్లాలుగా కనిపిస్తాయి. మావోరీ జీవితంపై పరిశోధన చేసిన ఎల్స్‌డన్ బెస్ట్ 1916లో డొమినియన్ మ్యూజియం తరఫున మావోరీ గిడ్డంగుల మీద ప్రచురించిన పుస్తకంలో ఈ కట్టడాలను వివరంగా వర్ణించాడు. దీర్ఘచతురస్రాకారపు గొయ్యి, మధ్యలో వరసగా నిట్రాళ్లు, వాటి మీద పొడవాటి దూలం, దాని నుంచి రెండు వైపులా నేలదాకా వాలే కప్పు, ఆ కప్పు మీద మట్టి. మనిషి వంగి దూరేంత చిన్న ద్వారం. గోతి చుట్టూ, కొన్నిటిలో గోతి అడుగున కూడా, నీరు పోవడానికి కాలువ.

ఇందులో ప్రతి భాగం దుంప అడిగినదే. కూమరాకు నిల్వలో 13 నుంచి 15 డిగ్రీల వేడి కావాలి. పది డిగ్రీల కిందికి పోతే చలిదెబ్బ తగిలి లోపల నల్లబడుతుంది, మరీ వేడైతే మొలకలు వేస్తుంది. గాలిలో తేమ 85 నుంచి 90 శాతం ఉండాలి, తగ్గితే దుంప ముడుచుకుపోతుంది. మట్టి కప్పు పగటి ఎండను, రాత్రి చలిని రెండింటినీ లోపలికి రానివ్వదు. కప్పు లోపలి తలం దుంపకన్నా చల్లబడదు కాబట్టి చుక్కలు రాలవు. చిన్న ద్వారం తేమను నిలుపుతుంది. కాలువ మాత్రం పారే నీటిని అడ్డుకుంటుంది, ఎందుకంటే తేమగాలి కావాలిగాని తడి నేల పనికిరాదు. ఎత్తయిన గట్టు మీదో, వాలు మీదో గొయ్యి తవ్వడం కూడా ఆ నీటి కోసమే. మన తెలంగాణ పల్లెల్లో జొన్నకు పాతర తవ్వినవారు కూడా ఎత్తయిన, నీరు నిలవని నేలనే ఎంచుకున్నారు. అయితే జొన్న ఎండిన గింజ కనుక పాతరకు గడ్డి పరిచి, నోరు మూసి గాలి ఆడకుండా చేశారు. కూమరా తేమ కోరే దుంప కనుక అక్కడ ద్వారం పెట్టి, మనిషి లోపలికి వెళ్లి చూసుకునే వీలు ఉంచారు. నేలలో గొయ్యి అన్న ఆలోచన ఒకటే అయినా పైన మూసే తీరు పంటను బట్టి విడిపోయింది. ఈ రోజు న్యూజిలాండ్ కూమరాలో అత్యధిక భాగం పండించే డార్గవిల్ పరిసరాల్లో దుంపను ముందు 30 డిగ్రీల దగ్గర, తేమగాలిలో వారం రోజుల పాటు ఉంచి తోలు గట్టిపడనిస్తారు, ఆ తర్వాత చల్లని గదికి మారుస్తారు. ఆ గదుల గోడల్లో మట్టికి బదులు ఫోమ్ ఉంటుంది. దుంప అడిగేది మాత్రం మారలేదు.

ఉల్లి దగ్గరికి వస్తే జవాబు పూర్తిగా తిరగబడుతుంది. పుకెకోహె చుట్టుపక్కల ఎర్రమట్టిలో పండే ఉల్లికి పొడి గాలి ప్రాణం. మెడ దగ్గర ఆరకుండా నిల్వ చేస్తే అక్కడినుంచే కుళ్లు దిగుతుంది, పైపొర మీద చుక్క పడితే మచ్చ పడుతుంది, మచ్చ పడిన గడ్డకు ఎగుమతిలో ధర రాదు. కాబట్టి ఉల్లి షెడ్డు కప్పు కింద గాలి నిరంతరం కదలాలి: చూరు కింద పొడవునా ఖాళీ, కప్పు వెన్ను దగ్గర వేడిగాలి బయటికి పోయే దారి, పక్క గోడలు తెరిచి ఉంచగల ఏర్పాటు. గాలి దారి ఎంత తెరిచినా పిచ్చుకలు, స్టార్లింగులు దూరకుండా సన్నని వల బిగించడం మరచిపోవద్దు. బంగాళాదుంపకు మరో షరతు ఉంది, చీకటి. వెలుతురు తగిలిన దుంప పచ్చబడుతుంది, ఆ పచ్చదనంతోపాటు సొలనిన్ అనే చేదు విషం పెరుగుతుంది. షెడ్డు వెలుగుగా ఉండాలని కప్పులో అక్కడక్కడా ప్లాస్టిక్ పారదర్శక రేకులు వేయించుకోవడం న్యూజిలాండ్‌లో మామూలు అలవాటు. ట్రాక్టరు షెడ్డుకు అది మేలు. దుంపల షెడ్డుకు అదే నష్టం. అక్కడ సూర్యుడు ఉత్తరం వైపు నుంచి వస్తాడు కాబట్టి తప్పనిసరైతే ఆ రేకులను దక్షిణపు వాలు మీద వేసుకుంటే ఎండవేడి తక్కువగా దిగుతుంది. మన దేశంలో అలవాటైన లెక్కకు ఇది తలకిందులు. పైగా ఏళ్ల తరబడి ఎండకు పెళుసెక్కిన ఆ ప్లాస్టిక్ మీద కాలు వేసి కింద పడిపోవడం కప్పు పనుల్లో జరిగే ప్రాణాంతక ప్రమాదాల్లో ఒకటి. కింద భద్రతా వల లేకుండా వాటిని బిగించనివ్వకండి.

ఇక్కడ అనుభవమున్న రైతు ఎవరైనా అడ్డుపడతారు. చుక్కల సంగతి సరే, కప్పు మొత్తం ఎగిరిపోతే చుక్కల గురించి మాట్లాడేదేముంది? అక్కడ అసలు శత్రువు గాలి కాదా? ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా తీసుకోలేం. 2013 సెప్టెంబరు 10న కాంటర్‌బరీ మీద విరుచుకుపడ్డ వాయవ్యపు గాలికి పొలాల్లోని భారీ సాగునీటి యంత్రాలు వందల సంఖ్యలో ఒరిగిపోయాయి. సెకనుకు 40 మీటర్ల, అంటే గంటకు 144 కిలోమీటర్ల గాలి వీస్తే దాని ఒత్తిడి చదరపు మీటరుకు సుమారు 98 కిలోల బరువుకు సమానం. 0.40 మిల్లీమీటర్ల ఉక్కు రేకు బరువు చదరపు మీటరుకు నాలుగు కిలోలకు అటూ ఇటూ. మూడు వైపులా గోడలు, ఒక వైపు బార్లా తెరిచి ఉండే షెడ్డులోకి గాలి జొరబడితే లోపలినుంచి తోపు, పైనుంచి లాగుడు రెండూ కలిసి రేకును పైకి ఎత్తేస్తాయి. అందుకే తెరిచిన ముఖాన్ని ఆ ప్రాంతపు పెనుగాలికి ఎదురుగా పెట్టకూడదు. కప్పు అంచుల్లో, మూలల్లో, వెన్ను దగ్గర స్క్రూలు దగ్గర దగ్గరగా పడాలి. రేకు పర్లిన్‌కు, పర్లిన్ వాసానికి, వాసం స్తంభానికి, స్తంభం నేలకు ఎక్కడా తెగని గొలుసులా బిగిసి ఉండాలి. దక్షిణ కాంటర్‌బరీలో 2006 జూన్‌లో కురిసినంత మంచు పేరుకుంటే ఆ బరువును కూడా ఆ చట్రం మోయగలగాలి.

ఇవన్నీ ఒప్పుకున్నాక కూడా నా వాదన నిలబడుతుందనే అంటాను. గాలి, మంచు, వాన విషయంలో మీ తరఫున ఆలోచించేవారున్నారు. బిల్డింగ్ కోడ్ ఉంది, గాలి భారానికీ మంచు భారానికీ ప్రమాణాలున్నాయి, కప్పు రేకు కనీసం 15 ఏళ్లు మన్నాలన్న నియమం ఉంది. 2020 ఆగస్టు 31 నుంచి గ్రామీణ మండలాల్లో 110 చదరపు మీటర్ల దాకా ఉండే ఒంటి అంతస్తు పోల్ షెడ్లకు, గడ్డివాము షెడ్లకు ముందస్తు అనుమతి అక్కర్లేదన్నప్పుడు కూడా, చార్టర్డ్ ఇంజనీరు డిజైను చేయాలి లేదా సరిచూడాలన్న షరతు పెట్టారు. అనుమతి అక్కర్లేకపోయినా కోడ్ పాటించాల్సిందే. వీటిలో ఏ కాగితమూ మీ గోధుమలో తేమ ఎంతని అడగదు. ఉల్లి పోస్తారా, కూమరా పోస్తారా అన్నది నియమాల గడప దాటి లోపలికి రాదు. ఇంజనీరు చూసేది కట్టడం నిలుస్తుందా అని. పంట నిలుస్తుందా అన్న ప్రశ్న అడగాల్సింది మీరొక్కరే, అదీ రేకు బిగించకముందే.

రెండో అభ్యంతరం డబ్బుది. కప్పు కింద ఫోమ్ పొర వేయిస్తే ఖర్చు పెరుగుతుంది, చిన్న రైతుకు అది తలకు మించిన భారం అంటారు. నిజమే, అందరికీ ఫోమ్ వేయమని నేను అనడం లేదు. మెట్లు మెట్లుగా ఆలోచించండి. అన్నిటికన్నా చవకైన మందు ఆరబెట్టడం, చల్లార్చడం. దాని సంగతి పైన చెప్పాను. దాని తర్వాతిది గాలి దారి. ఆ తర్వాత రేకు కింద పరిచే అండర్‌లే కాగితం, లేదా అడుగున ఫెల్టు అతికించి వచ్చే రేకు. ఇవి రాత్రి పుట్టిన చెమ్మను పీల్చుకుని పట్టుకుంటాయి, పగలు కప్పు వేడెక్కినప్పుడు వదిలేస్తాయి. కానీ పగలు ఆ చెమ్మను తీసుకుపోయే గాలి లేకపోతే మూడో రోజుకో నాలుగో రోజుకో ఆ పొర నిండిపోయి అది కూడా కారడం మొదలుపెడుతుంది. ఈ ఒక్క మాటను అమ్మేవారు తరచుగా చెప్పరు, అందుకే గట్టిగా చెబుతున్నాను. ఫెల్టు గాలికి తోడే గాని గాలికి బదులు కాదు. ఫోమ్ పొర నిజంగా అవసరమయ్యేది కూమరా, బంగాళాదుంప లాంటి వాటికి, లోపలి ఉష్ణోగ్రతను నెలల తరబడి ఒకే గీత మీద నిలపాల్సి వచ్చినప్పుడు.

ఆ పొర ఎంచుకునేటప్పుడు నిప్పును కూడా లెక్కలోకి తీసుకోవాలి. 2008 ఏప్రిల్ 5న హామిల్టన్ దగ్గర తమాహెరెలో ఒక కూల్ స్టోరులో మండే గుణమున్న శీతలీకరణ వాయువు లీకై పేలింది. ఒక అగ్నిమాపక అధికారి ప్రాణాలు కోల్పోయారు, ఏడుగురు గాయపడ్డారు. పాలిస్టైరీన్ ప్యానెళ్లతో కట్టిన ఆ భవనం తగలబడిపోయింది. చలిని ఆపే పొర నిప్పుకు ఎలా స్పందిస్తుందో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవడం రైతు హక్కు. బీమా కంపెనీ కూడా అదే అడుగుతుంది. మీరు ముందే అడిగితే మంచిది.

రేకు లోహం సంగతి చివర్లో ఎత్తుకోవడం కావాలనే చేశాను, ఎందుకంటే అక్కడ కూడా కథ కింద నుంచే మొదలవుతుంది. న్యూజిలాండ్‌లో ఏ మూలన ఉన్నా సముద్రం 130 కిలోమీటర్ల లోపే ఉంటుంది. తీరానికి 500 మీటర్ల లోపు స్థలాన్ని అక్కడి ప్రమాణాలు తుప్పు ఎక్కువగా పట్టే మండలంగా లెక్కగడతాయి. వాన నేరుగా తగిలే చోట ఉప్పు కడుక్కుపోతుంది. చూరు అడుగున, షెడ్డు నోటి దగ్గర కప్పు కింది వైపున వాన తగలదు, ఉప్పు పేరుకుంటుంది, లోపలి చెమ్మ దాన్ని తడుపుతుంది. అందుకే చాలా పొలం కప్పులు పైన మెరుస్తూనే అడుగున తుప్పు పడతాయి. మామూలు జింకు పూత కన్నా 55 శాతం అల్యూమినియం, మిగతాది దాదాపు అంతా జింకుగా ఉండే జింకల్యూమ్ పూత తెరిచిన చోట ఎక్కువ కాలం మన్నుతుంది. కానీ రాగి ఉప్పులతో శుద్ధి చేసిన తడి పైన్ చెక్కకు అది నేరుగా ఆనితే ఆనిన చోటే పాడవుతుంది. మధ్యలో పొర ఉండాల్సిందే. అలాంటి రేకు మీది నీటిని పాత జింకు గట్టర్‌లోకి వదిలితే గట్టర్ త్వరగా తుప్పు పడుతుంది. ఇక పంట అమ్మేశాక ఖాళీగా ఉందని అదే షెడ్డులో ఎరువులు పోస్తే, ఆ ధూళి చెమ్మతో కలిసి ఏ పూతనైనా తినేస్తుంది. ఎరువుకు, పంటకు ఒకే కప్పు పనికిరాదని నా గట్టి అభిప్రాయం.

పాత షెడ్డు కొన్నవారికి, అద్దెకు తీసుకున్నవారికి ఒక హెచ్చరిక తప్పదు. న్యూజిలాండ్ పొలాల్లో ఇప్పటికీ సూపర్ సిక్స్ అని పిలిచే లావు మడతల సిమెంటు రేకులు కనిపిస్తాయి. వాటిలో ఆస్బెస్టాస్ ఉంటుంది. చుక్కలు తక్కువ రాలుస్తాయి, వేడి కొంత ఆపుతాయి కాబట్టి పంటకు మంచివేనని కొందరు సమర్థిస్తారు. ఆ గుణం నిజమే. కానీ పాతబడిన రేకు పొడి రాలుస్తుంది, ఆ పొడిలోని నార ఊపిరితిత్తుల్లో ఇరుక్కుంటే పదుల ఏళ్ల తర్వాత క్యాన్సరుగా బయటపడవచ్చు, రాలిన పొడి పడేది మీరు అమ్మబోయే పంట మీదే. ఆస్బెస్టాస్ సరుకుల దిగుమతిని ఆ దేశం 2016లో నిషేధించింది. పది చదరపు మీటర్లకు మించి తీయించాలంటే లైసెన్సున్నవారే తీయాలి. మీరుగా దాని మీదికి ఎక్కకండి, డ్రిల్లు పెట్టకండి, నాచు పోవాలని ప్రెషర్ నీళ్లు కొట్టకండి. తెలుగు రాష్ట్రాల్లో సిమెంటు రేకు ఇంకా అమ్ముడవుతూనే ఉంది గనుక ఈ మాట ఇటువైపు పాఠకులకు కూడా వర్తిస్తుంది.

ఇటువైపు పాఠకుల నుంచి ఇంకో అభ్యంతరం కూడా రావచ్చు: మంచు ముద్దలు కురిసే దేశపు లెక్క మండుటెండల దేశానికి ఎందుకని. మన ఖరీఫ్ వరి నవంబరు, డిసెంబరుల్లో గోదాముకు చేరుతుంది. మబ్బు లేని ఆకాశం, తెల్లవారుజామున మంచు పట్టే రాత్రులు సరిగ్గా అప్పుడే ఉంటాయి. తేమ ఎక్కువగా ఉన్న వడ్లు రేకుల షెడ్డులో పోసి తలుపు వేస్తే జరిగేది కాంటర్‌బరీలో జరిగేదే. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం ప్రశ్న మారుతుంది: అప్పుడు రేకు నుంచి వేడి కిందికి దిగి పురుగును పెంచుతుంది. అందుకే లెక్క వేసే పద్ధతిని తీసుకోండి, అక్కడి జవాబును తెచ్చుకోకండి.

మీ షెడ్డుకు ఏది కావాలో తేల్చుకోవడానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. ఉష్ణోగ్రత, తేమ రెండూ చూపే చిన్న మీటరును రాశికి మీటరు ఎత్తున వేలాడదీయండి. మరో థర్మామీటరు మొనను రేకు అడుగుకు టేపుతో అతికించండి. తెల్లవారకముందు, అంటే రేకు అన్నిటికన్నా చల్లగా ఉన్న వేళలో రెండూ రాసుకోండి. మీటరులోని అంకెలతో ఆ గాలిలోని ఆవిరి ఎన్ని డిగ్రీల దగ్గర నీరవుతుందో పట్టికలో చూడండి. రేకు అంతకన్నా చల్లగా ఉన్న ప్రతి ఉదయం మీ రాశి మీద చుక్కలు పడుతున్నట్టే. అలాంటి ఉదయాలు అరుదైతే చూరు కింద ఖాళీ పెంచి ఊరుకోవచ్చు. వారంలో సగం రోజులు అలాగే ఉంటే ఫ్యాను, ఫెల్టు రెండూ కావాలి. ఫ్యాను నడిపినా తగ్గకపోతే అప్పుడు ఫోమ్ గురించి అడగండి. రేకుల కంపెనీకి ఫోను చేసేటప్పుడు షెడ్డు కొలతలతోపాటు ఈ అంకెలు, పంట పేరు, పోసే నాటి తేమ శాతం, నిల్వ ఉంచే నెలలు చెప్పండి. కొటేషను మీద అవి రాయించండి. అక్కడి చలికాలం జూన్‌లో మొదలవుతుంది కాబట్టి న్యూజిలాండ్‌లో ఈ పని ఏప్రిల్ లోపు ముగించాలి. ఆ తర్వాత రేకు విప్పి కింద పొర వేయాలంటే అప్పటికే పోసిన రాశినంతా బయటికి తీయాల్సి వస్తుంది.